ఎవరెస్టు బేరం

రండి, కూర్చోండి. చలి బాగానే దిగింది కదా, టీలో అల్లం కాస్త ఎక్కువే దంచి వేయించాను. ఇవాళ చలికి తగ్గ కబురే పెట్టుకుందాం. ఎవరెస్టు కబురు.

హడలిపోకండి, మిమ్మల్ని ఎక్కమనడం లేదు. ఎక్కేవాళ్లు ఏర్పాట్లు ఎలా చేసుకుంటారో, ఎలా చేసుకోవాలో మాట్లాడుకుందాం. నాకు మొదట్నుంచీ ఎక్కడం కన్నా ఈ ఏర్పాట్ల భాగోతమే రుచి. శిఖరం మీద మనిషి నిలబడేది మహా అయితే పావుగంట, అరగంట. దానికోసం రెండు మూడేళ్లు బ్యాంకు చుట్టూ, పై ఆఫీసరు చుట్టూ, డాక్టరు చుట్టూ తిరగాలి. పుస్తకాలన్నీ ఆ పావుగంట మీదే రాస్తారు. ఈ తిరుగుడు ఎవరికీ పట్టదు.

మన తెలుగువాళ్లకి ఈ పిచ్చి కొత్తదేం కాదు. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాల్నీ 172 రోజుల్లో ఎక్కేశాడు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు ఇంకా నిండకుండానే ఎవరెస్టు మీద నిలబడింది. వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. అప్పట్నుంచి మన ఊళ్లలో ఏ పిల్లాడు కాస్త చురుగ్గా చెట్టెక్కినా, "వీణ్ణి ఎవరెస్టుకి పంపిద్దాం" అనే పెద్దమనిషి ఒకడు ఎక్కణ్ణుంచో ఊడిపడుతున్నాడు. చందాల పుస్తకం కొట్టిస్తున్నాడు. పూర్ణ ముందు భువనగిరి బండ మీద గోళ్లు అరగదీసుకుందని, తర్వాత డార్జిలింగులోనూ లడాఖ్ చలిలోనూ తర్ఫీదైందని, నేపాల్ వైపు పదహారేళ్లు నిండనిదే అనుమతి ఇవ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కిందని ఫ్లెక్సీ మీద రాయరు కదా. ఫ్లెక్సీ మీద జెండా, శిఖరం, ఎమ్మెల్యేగారి బొమ్మ ఉంటే చాలు.

మా అక్క కొడుకు ఉన్నాడు, సాఫ్ట్‌వేరు. వాడికి పెద్దమనిషి అక్కర్లేదు, జీతం ఉంది. దీపావళికి వచ్చి ఫోను నా ముందు పెట్టాడు. "మావయ్యా, చూడు. ఒకడు నలభై లక్షలంటున్నాడు. ఇంకొకడు డెబ్భై. అమెరికా వాడైతే కోటి దాటించాడు. కొండ అదే కదా? దారి అదే కదా? మరి ఈ తేడా ఏంటి?"

నాకు ఆ ప్రశ్న నచ్చింది. చాలామంది నలభై చూసి, డెబ్భై వాడు దొంగ అని తేల్చేసుకుంటారు. వీడు కనీసం అడిగాడు.

కొండ ధర ఎవరూ తగ్గించలేరండీ. దక్షిణం వైపు దారిలో వసంతకాలంలో ఎక్కాలంటే నేపాల్ ప్రభుత్వానికి మనిషికి 15,000 డాలర్లు కట్టాలి. 2025 సెప్టెంబరుకు ముందు 11,000 ఉండేది. మన డబ్బులో సుమారు పదమూడు లక్షలు. పొరుగువాళ్లమే కదా అని మనకేం రాయితీ లేదు. సాగర్‌మాథా జాతీయ పార్కు గేటు టిక్కెట్టులో మాత్రం సార్క్ దేశాలవాళ్లకి తగ్గింపు ఉంది, సంతోషించండి. బేస్ క్యాంపు పైనున్న మంచుపగుళ్ల దారి ఖుంబు ఐస్‌ఫాల్‌లో అల్యూమినియం నిచ్చెనలు వేసేవాళ్ల వాటా, శిఖరం దాకా తాళ్లు బిగించేవాళ్ల వాటా, ప్రభుత్వం పంపే లైజాన్ ఆఫీసరు ఖర్చు, బేస్ క్యాంపులో గుడారాలు, వంటవాళ్లు, గ్యాసు, వీటిలోనూ ఎవరూ పెద్దగా కోత పెట్టలేరు. కోత పెట్టగలిగేది రెండు చోట్ల. ఒకటి మన వెంట నడిచే మనుషుల దగ్గర, రెండు ఊపిరి దగ్గర.

ఊపిరి లెక్క ముందు చెప్తాను, ఎందుకంటే ఇది ఎవరైనా వేళ్ల మీద కట్టుకోగలిగిన లెక్క. ఎవరెస్టు మీద వాడే ఆక్సిజన్ సిలిండర్ సాధారణంగా నాలుగు లీటర్లది. దాంట్లో మూడు వందల బార్ల ఒత్తిడితో గ్యాసు కూరుతారు. అంటే బయటికి వచ్చేసరికి పన్నెండు వందల లీటర్లు. రెగ్యులేటరు మీద నిమిషానికి రెండు లీటర్లు అని తిప్పుకుంటే పదిగంటలు వస్తుంది. నాలుగు లీటర్లు అని తిప్పుకుంటే ఐదు గంటలు. చివరి క్యాంపు సౌత్ కోల్ దగ్గర, దాదాపు 7,900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి శిఖరానికి పది పన్నెండు గంటలు, దిగడానికి ఐదారు గంటలు. మామూలు మనిషికి, అంటే మా మేనల్లుడి బాపతుకి, ఇంకా ఎక్కువే. పైగా కింద మూడో క్యాంపు నుంచే రాత్రిళ్లు నిద్రకి సన్నగా పెట్టుకోవాలి. ఇప్పుడు ప్యాకేజీ కాగితం తీసి, మీకు ఎన్ని సిలిండర్లు రాశాడో చూడండి. ఐదా, ఏడా? ఆ పక్కనే ఇంకో గడి ఉంటుంది, మీ వెంట ఎక్కే షెర్పాకి ఎన్ని అని. చవక ప్యాకేజీల్లో అక్కడ రెండు అని కనిపిస్తుంది.

అదే నేను వాడికి చూపించాను. "ఒరేయ్, రాత్రి తొమ్మిదింటికి ఇద్దరూ కలిసే బయల్దేరతారు. నీది ఆఖరి సిలిండరు అయిపోయిందనుకో. నీకు ఎవరిది పెడతారు?"

వాడు కాసేపు ఆలోచించి, "ఆయనది" అన్నాడు.

అక్కడుంది ధర తేడా. మీకు తగ్గిన ముప్పై లక్షల్లో ఒక భాగం ఇంకొక మనిషి ఊపిరితిత్తుల్లోంచి తగ్గింది. ఇది కాస్త కటువుగా వినిపిస్తుందేమో కానీ, చవక ఎవరెస్టు మీద నా అభిప్రాయం ఇంతే. అన్ని చవక సంస్థలూ చెడ్డవని కాదు. నేపాలీ సంస్థ అమెరికా సంస్థ కన్నా చవకగా ఇవ్వడంలో న్యాయం ఉంది. కొండ వాళ్లది, మనుషులు వాళ్లవాళ్లు, దళారీ వాటా మిగులుతుంది. నేపాల్ గైడ్ల సంఘానికి 2012లో అంతర్జాతీయ గైడ్ల సమాఖ్యలో సభ్యత్వం వచ్చింది, ఆ సమాఖ్య బిళ్ల సంపాదించిన గైడ్లు అక్కడ ఇప్పుడు చాలామందే ఉన్నారు. కాబట్టి చవక అనగానే ముఖం తిప్పుకోనక్కర్లేదు. ఎక్కడ తగ్గింది అని అడగాలి, అంతే.

మనుషుల లెక్క దీనికన్నా చేదు. 2014 ఏప్రిల్ 18 పొద్దున్నే ఐస్‌ఫాల్ మీద మంచుపెళ్లలు విరిగిపడి పదహారు మంది పోయారు. అందరూ నేపాలీ పనివాళ్లే, ఎక్కువమంది షెర్పాలు. ముగ్గురి దేహాలు దొరకనే లేదు. ఆ పదహారు మందిలో డబ్బుకట్టి ఎక్కడానికి వచ్చినవాడు ఒక్కడు లేడు. ఎందుకంటే ఆ వేళప్పుడు అక్కడ ఉండాల్సిన పని వాళ్లకి లేదు. గుడారాలు, తిండి, గ్యాసు, సిలిండర్లు పై క్యాంపులకి చేరవేసేది షెర్పాలు. మనం ఆ మంచు సందుల్లోంచి రెండు మూడుసార్లు పోయి వస్తే, వాళ్లు ఒక్క సీజన్లో దానికి ఎన్నోరెట్లు తిరుగుతారు. హిమానీనదం రోజుకి మీటరు చొప్పున జారుతూ ఉంటుంది కాబట్టి, నిన్న వేసిన నిచ్చెన ఇవాళ వంకర పోతుంది. ఇవాళ నడిచిన దారి రేపు ఉండకపోవచ్చు. పోయినవాళ్ల కుటుంబాలకి ప్రభుత్వం మొదట ప్రకటించిన సాయం నలభై వేల నేపాలీ రూపాయలు. మన రూపాయికి వాళ్ల రూపాయలు ఒకటీ అరవై పైసలు, లెక్క కట్టుకోండి, పాతిక వేలు. షెర్పాలు మండిపడ్డారు, ఆ ఏడు నేపాల్ వైపు ఎక్కడం మానేశారు. ఆ తర్వాతే బీమా పది లక్షల నుంచి పదిహేను లక్షల నేపాలీ రూపాయలకి పెరిగింది. చందాల పుస్తకం కొట్టించే మన పెద్దమనిషికి ఈ అంకె ఎవరైనా చూపిస్తే బాగుండును.

టీ చల్లారిపోతోంది, తాగండి. నేనూ కాస్త గొంతు తడుపుకుంటాను.

ఇంతకీ మా వాడు ఎంతవరకు సిద్ధంగా ఉన్నాడు? జిమ్ముకి వెళ్తాడు. అనంతగిరి కొండల్లో వారాంతపు నడకలు నడిచాడు. ఒకసారి మనాలి దాకా వెళ్లి మంచు మీద ఫొటో దిగాడు. అంతే. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. నిజానికి ఈ విద్య మన ప్రభుత్వ సంస్థల్లోనే, మనం భరించగలిగే రుసుముకి నేర్పుతారని చాలామందికి తెలీదు. డార్జిలింగులో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954లో పెట్టారు. ఎవరెస్టు ఎక్కి ఏడాదిన్నరైనా కాని టెన్జింగ్ నార్గేని అక్కడ శిక్షణకి పెద్దగా వేశారు. ఉత్తరకాశిలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ 1965 నాటిది. బేసిక్ కోర్సు ఇరవై ఎనిమిది రోజులు. దాంట్లో ఏ గ్రేడు వస్తేనే అడ్వాన్స్ కోర్సు.

కుర్రతనంలో నేనూ ఆ డార్జిలింగు కోర్సు చేసినవాణ్ణే. యుక్సోం నుంచి జోంగ్రి మీదుగా చౌరీఖాంగ్ దాకా వీపున మూటతో నడిపించి, రాథోంగ్ హిమానీనదం మీద వదిలారు. మంచు మీద మొదట నేర్పిన విద్య ఏంటో తెలుసా, పడిపోవడం. నిటారు మంచు వాలు మీద కావాలని వెల్లకిలా పడి జారాలి. జారుతూనే బోర్లా తిరిగి, మంచుగొడ్డలి మొనని భుజం కిందుగా మంచులోకి దించి, ఒళ్లంతా దాని మీద వేసి ఆగాలి. కాళ్లు మాత్రం పైకెత్తాలి. కాళ్లు మోపితే బూట్ల కింది ఇనుప పళ్లు మంచులో చిక్కుకుని మనిషి పల్టీ కొడతాడు. తర్వాత తలకిందులుగా జారుతూ ఆగడం. మూపు మీద, మెడలోపల, చొక్కా కింద ఎక్కడ చూసినా మంచే. ఉస్తాదు మాత్రం పైన నిలబడి, "ఇంకోసారి" అంటూనే ఉంటాడు. ఏ జిమ్ములోనూ ఇది దొరకదు.

ఇంకో విద్య చూడ్డానికి మరీ చిన్నది, కానీ పైన ప్రాణాలన్నీ దాని మీదే. శిఖరం దాకా బిగించిన తాడు ఉంటుంది. మన నడుముకున్న హార్నెస్ నుంచి రెండు పట్లు ఆ తాడుకి తగిలించుకుంటాం. ఒకటి జుమారు, పైకి మాత్రమే జరుగుతుంది, కిందికి లాగితే పట్టేస్తుంది. రెండోది ఉత్త కొక్కెం, ముందుజాగ్రత్తకి. తాడు అక్కడక్కడ మంచులో దిగ్గొట్టిన మేకుల దగ్గర ముడిపడి ఉంటుంది. ఆ ముడి దాటాలంటే, ముందు కొక్కెం తీసి ముడికి పైన తగిలించాలి, ఆ తర్వాతే జుమారు తీసి పైన తగిలించాలి. రెండూ ఒకేసారి తీయకూడదు. ఎప్పుడూ. ఇక్కడ కుర్చీలో కూర్చుని వింటే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. పైన అర్ధరాత్రి, గాలిలో, చేతులకి దుప్పటంత మందం తొడుగులతో, బుర్రకి ఆక్సిజన్ అందక మన పేరే మనకి తడబడుతున్నప్పుడు, ఇది వందసార్లకి వందసార్లూ తప్పకుండా చేయాలి. మా వాణ్ణి బాల్కనీ గ్రిల్లుకి తాడు కట్టి, వంటింటి తొడుగులు వేసుకుని, కళ్లకి గుడ్డ కట్టుకుని సాధన చేయమన్నాను. చేస్తున్నాడు. కింద వాచ్‌మన్ రోజూ పైకి చూసి దణ్ణం పెడుతున్నాడట.

ఆ కోర్సులు అయ్యాక ఒక ఆరువేల మీటర్ల శిఖరం. నేపాల్‌లో ఐలాండ్ పీక్ ఉంది, లోబుచే ఈస్ట్ ఉంది. ఎవరెస్టుని మొదటిసారి ఎక్కిన 1953 జట్టువాళ్లు కూడా దానికి ముందు ఐలాండ్ పీక్ మీద కాళ్లు సాగదీసుకున్నారు. ఆ తర్వాత ఏడువేలు. మన గఢ్వాల్లోనే సతోపంత్ 7,075 మీటర్లు. లడాఖ్ వైపు నున్, కున్. అసలు ఏడువేల మీటర్ల శిఖరం ఒకటి ఎక్కి ఉంటేనే ఎవరెస్టు అనుమతి ఇవ్వాలన్న బిల్లు 2025లో నేపాల్ పార్లమెంటు ముందుకు వచ్చింది. నన్నడిగితే చట్టం కోసం ఆగక్కర్లేదు. ఏడువేల మీద మీ ఒళ్లు ఎలా ప్రవర్తిస్తుందో తెలీకుండా ఎనిమిదివేలకి డబ్బు కట్టడం, ఈత రాకుండా కాలవ కొనుక్కోవడమే.

ఇక ముహూర్తం. బేస్ క్యాంపులో లామా వచ్చి పూజ చేయించనిదే షెర్పాలు ఐస్‌ఫాల్లో అడుగు పెట్టరు. రాళ్లు పేర్చి, జెండాలు కట్టి, ధూపం వేసి, గొడ్డళ్లు, ఇనుప పళ్లు అన్నీ అక్కడ పెట్టి దండం పెట్టిస్తారు. చివర్లో ఒకరి ముఖాన ఒకరు పిండి పూసుకుంటారు. ఆయుధపూజ చూసిన మనకి ఇదేం వింత కాదు. అసలు ముహూర్తం మాత్రం పంచాంగంలో ఉండదు, ఆకాశంలో ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఆ శిఖరం జెట్‌స్ట్రీమ్ గాలిలో ఉంటుంది. రుతుపవనాలు వచ్చే ముందు మే నెలలో ఆ గాలి కాస్త ఉత్తరానికి తొలగుతుంది. ఆ సందులో దొరికేది కొద్ది రోజులు. ఉపగ్రహాల అంచనా అందరి దగ్గరా ఒకటే కాబట్టి, అందరూ ఒకే రాత్రి బయల్దేరతారు. మాఘమాసంలో మంచి ముహూర్తానికి ఊరంతా పెళ్లిళ్లు పడి ఫంక్షన్ హాలు దొరకనట్టే. 2019 మే 22న పర్వతారోహకుడు నిర్మల్ పుర్జా తీసిన ఫొటో మీరూ చూసే ఉంటారు, శిఖరం కింద గట్టు మీద రంగురంగుల కోట్లు ఒకరి వెనక ఒకరు. ఆ సీజన్లో నేపాల్ ఇచ్చిన అనుమతులు 381. ఆ వరసలో నిలబడ్డ గంటల్లో కూడా సిలిండరు మీటరు తిరుగుతూనే ఉంటుంది. అందుకే సంస్థవాళ్లని అడగండి: వరసలో రెండు గంటలు ఇరుక్కుంటే అదనపు సిలిండరు ఎక్కడ దాచారు? సౌత్ కోల్‌కి పైన బాల్కనీ అని పిలిచే చదును దగ్గరా, సౌత్ కోల్ దగ్గరా, లేక కాఠ్మాండూ గోడౌన్లోనా?

రెండో ప్రశ్న కూడా అడగాలి. వెనక్కి ఎన్నింటికి? 1996 మే 10న రెండు పేరున్న జట్లు ఎక్కాయి. మధ్యాహ్నం రెండు దాటితే ఎక్కడున్నా వెనక్కి అన్నది ముందు అనుకున్న మాట. ఆ మాట నిలబడలేదు. మొదటి జట్టు నాయకుడు రాబ్ హాల్ వెంట వచ్చినవాళ్లలో ఒకాయన నాలుగు దాటాక శిఖరం చేరాడు. అంతకు ముందు ఏడాది అదే మనిషిని శిఖరానికి కూతవేటు దూరంలోంచి హాలే వెనక్కి తిప్పాడు. రెండోసారి తిప్పడానికి మనసొప్పలేదేమో. తుఫాను వచ్చింది. హాల్, రెండో జట్టు నాయకుడు స్కాట్ ఫిషర్, ఉత్తరం వైపున మన ఐటీబీపీ జవాన్లు ముగ్గురు, మొత్తం ఎనిమిది మంది పోయారు. ఇప్పుడు ఈ మాట ఎవరు నిలబెట్టాలి? మీతో ఉన్న షెర్పా. ఆయనకి జీతం కాక, మిమ్మల్ని శిఖరం చేరిస్తే బోనసు ఉంటుంది. చేరకపోతే తగ్గించే సంస్థలున్నాయి. బోనసు శిఖరం మీద పెట్టి, "ప్రమాదమైతే వెనక్కి తీసుకురా నాయనా" అంటే ఎలా? అందుకని మా వాడికి చెప్పాను, "బాల్కనీ నుంచి నిన్ను వెనక్కి తెచ్చినా పూర్తి బోనసు నేనిస్తాను అని ముందే ఆయనతో చెప్పు. నీ జీవిత బీమా కన్నా అది చవక."

బేస్ క్యాంపు నడక మొదలయ్యే లుక్లాకి వెళ్లే విమానం గురించి చెప్పకపోతే అక్క ఊరుకోదు, వీడియో చూసి ఆవిడకి రెండు రాత్రులు నిద్ర లేదు. రన్‌వే 527 మీటర్లు, అదీ ఏటవాలు. ఒక చివర కొండ, ఇంకో చివర లోయ. 1964లో, టెన్జింగ్‌తో ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ దగ్గరుండి కట్టించాడు. నేల మెత్తగా ఉందని, షెర్పాలకి స్థానిక సారా పోయించి, వరసకట్టి కాళ్లు తాటించి నాట్యం చేయించి గట్టిపరిచాడంటారు. ఇప్పుడు తారు ఉందిలెండి. సీజన్లో విమానాలు చాలావరకు కాఠ్మాండూ నుంచి కాదు, రామేఛాప్ నుంచి వెళ్తాయి. అర్ధరాత్రి జీపెక్కి నాలుగైదు గంటలు పోవాలి. మబ్బు పడితే రెండు మూడు రోజులు అక్కడే. కాబట్టి తిరుగు టిక్కెట్టు మరుసటి రోజుకే కొనే తెలివి చూపించకండి. ఇంకొకటి, మన దేశం నుంచి నేపాల్ వెళ్లే విమానానికి మా వాడి వయసువాళ్లకి ఆధార్ కార్డు పనికిరాదు. పాస్‌పోర్టు, లేదా ఓటరు కార్డు.

అక్క రెండో ప్రశ్న ఆవకాయ. "పట్టుకెళ్లనిస్తారా?" పట్టుకెళ్లనిస్తారు, పట్టుకెళ్లాలి కూడా. అయిదువేల మీటర్లు దాటాక ఆకలి చచ్చిపోతుంది. నాలుకకి రుచి తెలీదు. వంటవాడు పప్పు, అన్నం, బంగాళాదుంప కూర ఎంత వేడిగా పెట్టినా రెండు ముద్దలు దిగవు. బేస్ క్యాంపు దాకా నడిచినప్పుడు నా పరిస్థితీ అదే. గోరక్‌షెప్‌లో నన్ను బతికించింది చిన్న సీసాడు మాగాయ. రెండు నెలలు అలా గడిపి, ఏడెనిమిది కిలోలు తగ్గి రావడం మామూలే. దీనికి తోడు ఖుంబు దగ్గు ఒకటి. పొడి చలిగాలికి గొంతు ఎండి, దగ్గి దగ్గి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నవాళ్లున్నారు. ఇంకో సంగతి, 2024 నుంచి పై క్యాంపుల్లో ఎవరి మలం వాళ్లు సంచిలో కట్టుకుని కిందికి తేవాలని నియమం పెట్టారు. అక్కకి ఇది చెప్పలేదు. మీరూ చెప్పకండి.

బీమా దగ్గర చాలామంది బోల్తాపడతారు. మామూలు ట్రావెల్ పాలసీ చిన్న అక్షరాల్లో నాలుగువేల ఐదువందల మీటర్లో, ఆరువేలో రాసి ఉంటుంది. తాడు, గొడ్డలి వాడితే అసలు వర్తించదని ఇంకో చోట ఉంటుంది. పర్వతారోహణకి, మీ శిఖరం ఎత్తుకి, హెలికాప్టరుకి అని విడిగా రాసి ఉన్న పాలసీ కావాలి. హెలికాప్టరు మామూలుగా రెండో క్యాంపు దాకే వస్తుంది, దాదాపు 6,400 మీటర్లు. 2005లో ఒక ఫ్రెంచి పైలట్ శిఖరం మీదే దించాడు, నిజమే, కానీ అది రికార్డు కోసం. మీకోసం ఎవరూ రారు. మరోవైపు కిందెక్కడో కాస్త తలనొప్పి రాగానే హెలికాప్టరు ఎక్కించేసి బీమా కంపెనీల దగ్గర పిండుకునే దందా కూడా నడిచింది. 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపించింది. ఎవరైనా, "సార్, మీకు సీరియస్, వెంటనే ఎక్కండి" అంటే, ముందు డాక్టరుతో మాట్లాడండి. ఫేరిచేలోనూ, సీజన్లో బేస్ క్యాంపులోనూ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ ఆస్పత్రులున్నాయి.

దరఖాస్తుల్లో ఒక కాగితం ఉంటుంది, ఇంట్లోవాళ్ల ముందు తీయబుద్ధి కాదు. పైన పోతే దేహం ఏం చేయాలి అని. అక్కడే వదిలేయాలా, కిందికి తేవాలా, తెస్తే ఖర్చెవరిది? ఎనిమిదివేల మీటర్ల మీద గడ్డకట్టిన దేహాన్ని దించాలంటే ఆరుగురి నుంచి పదిమంది దాకా షెర్పాలు తమ ప్రాణాల మీదికి తెచ్చుకోవాలి. మా వాడు ఆ కాగితం నాకు చూపించి, "ఏం రాయను మావయ్యా?" అన్నాడు. నేను చెప్పలేదు. వాళ్ల అమ్మతో, కట్టుకోబోయే పిల్లతో కూర్చుని రాయమన్నాను. అది రాయలేకపోతే డబ్బు కట్టొద్దన్నాను.

చివరగా ఫొటో. 2016లో మన దేశం నుంచే వెళ్లిన పోలీసు దంపతులు వేరేవాళ్ల శిఖరం ఫొటోల్లో తమ బొమ్మలు అతికించి, ఎక్కేశామని ప్రకటించారు. నేపాల్ పదేళ్లు నిషేధం వేసింది. పూర్వం కాఠ్మాండూలో ఎలిజబెత్ హాలీ అని ఒక అమెరికన్ జర్నలిస్టు పెద్దావిడ ఉండేది. జన్మలో ఒక్క శిఖరం ఎక్కలేదు గానీ, ఎక్కి దిగినవాళ్ల హోటలు గదికి వచ్చి అడిగే ప్రశ్నలకి ఎవరెస్టు వీరులు గడగడలాడేవాళ్లు. ఆవిడ 2018లో పోయింది. ఆవిడ మొదలుపెట్టిన హిమాలయన్ డేటాబేస్ మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. ఏ ఏడు ఎంతమంది వెళ్లారు, ఎంతమంది ఎక్కారు, ఎంతమంది పోయారు, అన్నీ అందులో ఉంటాయి. ఉచితం. పిల్లకి సంబంధం చూస్తే మూడు తరాలు వాకబు చేసే మనం, నలభై లక్షలు పోసే చోట ఒక సాయంత్రం అందులో వెతకలేమా?

మా వాడు రెండేళ్లు వెనక్కి జరిగాడు. ముందు బేసిక్ కోర్సుకి దరఖాస్తు పెట్టాడు. మీ ఇంట్లోనూ అలాంటివాడో, అలాంటిదో ఉంటే ఆపకండి. అడ్వాన్సు కట్టే ముందు మాత్రం నాలుగు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోమనండి: వెంట ఎక్కే షెర్పా పేరు, ఆయన ఇంతకు ముందు ఎక్కిన శిఖరాలు, ఆయనకి ఇచ్చే సిలిండర్లు, ఆయన మీద ఉన్న బీమా మొత్తం. వారంలో జవాబు ఇవ్వని సంస్థని వదిలేయండి.